ట్రంకుపెట్టె పారేసే ముందు

చిట్టితల్లీ,

అటక మీది ఫొటోల ట్రంకుపెట్టె దింపించావట. అన్నీ ఫోన్‌తో తీసేసుకుని అసలువి పాత సామాన్లవాడికి ఇచ్చేస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. నలభై ఏళ్లు వన్‌టౌన్‌లో స్టూడియో నడిపినవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు చెయ్యాల్సింది స్కానింగ్ కాదు. ఆ పెట్టె పట్టుకెళ్లి అమ్మమ్మ మంచం పక్కన కూర్చో. ఒక్కో ఫొటో చేతికిచ్చి ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని అడిగి రాసుకో. ఆవిడకి ఎనభై మూడు. స్కానర్ వచ్చే ఏడాదైనా దొరుకుతుంది.

1838లో పారిస్‌లో, ఫొటోగ్రఫీ కనిపెట్టినవాళ్లలో ఒకడైన డాగ్యూర్ తన కిటికీలోంచి ఒక వీధిని ఫొటో తీశాడు, వెండి పూసిన రాగి రేకు మీద. అప్పట్లో బొమ్మ పడాలంటే కొన్ని నిమిషాలు కెమెరా మూత తీసి ఉంచాలి. కదిలే బళ్లూ జనం ఏవీ రేకుకి ఎక్కలేదు, రద్దీ వీధి కాస్తా ఖాళీగా కనిపిస్తుంది. ఒకాయన మాత్రం బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డాడు, అందుకని పడ్డాడు. ఫొటోలో కనిపించే మొట్టమొదటి మనుషుల్లో ఆయన్ని చెప్పుకుంటారు. పేరు మాత్రం ఎవరికీ తెలీదు. ఇంకో పదేళ్లు పోతే మన పెట్టెలోవాళ్ల గతీ అంతే.

పేర్లు వెనకవైపు అంచున మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా రాయి. బాల్‌పెన్ అయితే గీత ముందుకి ఉబ్బుతుంది. కలర్ ప్రింట్ల వెనక ప్లాస్టిక్ పూత ఉంటుంది, పెన్సిల్ పడదు. వాటిని కాగితం కవర్లో పెట్టి, కవరు మీద రాసుకో.

నలుపు తెలుపు ఫొటోలో బొమ్మంతా వెండి రేణువులేనమ్మా. డార్క్‌రూమ్‌లో ఎర్రబల్బు కింద, డెవలపర్ మందు పోసిన ట్రేలో తెల్లకాగితం మీద ముందు జుట్టు వచ్చేది, తర్వాత కళ్లు, ఆఖర్న చొక్కా మడతలు. అది చూడటం నాకు ఒక్కరోజూ విసుగు రాలేదు. ఆ తర్వాత హైపోలో, అంటే బొమ్మని నిలబెట్టే మందులో వేసి, పారే నీళ్లలో చాలాసేపు కడగాలి. పెళ్లిళ్ల సీజన్లో, కుళాయి రాని రోజుల్లో నేను రెండు బకెట్లతో సరిపెట్టేశాను. మీ అమ్మ అన్నప్రాశన ఫొటోలు పచ్చబడింది పాతబడి కాదు, నా బద్ధకం వల్ల. కలర్ సంగతి వేరు. అది రంగుల అద్దకం, వెలిసిపోతుంది. అందుకే తాతల కాలం ఫొటోల కంటే ముందు 1980ల కలర్ ఫొటోలు స్కాన్ చేయించు.

మన విశాఖ గాలి నీకు చెప్పక్కర్లేదు, బీచ్ రోడ్డు ఇళ్ల గ్రిల్స్ ఎలా తుప్పు పడుతున్నాయో చూస్తున్నావుగా. ఫొటో మీది పొర జెలటిన్, జంతువుల ఎముకలూ చర్మం నుంచి తీసే జిగురులాంటిది. బూజుకి అది విందు భోజనం. అటక వద్దు, బయటి గోడని ఆనుకున్న అలమరా వద్దు. బీరువా మధ్య అరలో పెట్టి, బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పక్కన పడెయ్. కలరా ఉండలు మాత్రం వెయ్యకు. నెగటివ్‌లు పారెయ్యకు. వెనిగర్ వాసన వస్తున్నవి ఉంటే, అవి చెడిపోతున్నట్టు లెక్క, విడిగా తీసిపెట్టు.

తాతగారి ఫొటో ఫ్రేమ్ అద్దానికి అతుక్కుపోయింది కదా, పీకకు. అద్దంతో సహా దానికే ఫొటో తీయించు. 2014లో హుద్‌హుద్ వచ్చిన మర్నాడు మా తడిసిన ఆల్బంని గాభరాగా అలాగే ఎండలో పెట్టాను, మొత్తం ఒకే అట్ట అయిపోయింది. తడిగా ఉన్నప్పుడే విడదీసి, మంచినీళ్లలో ముంచి, బొమ్మ పైకి ఉండేట్టు నీడలో పరవాలి. తెలిసీ చెయ్యలేదు.

స్కాన్ 600 డీపీఐకి, అంటే అంగుళానికి 600 చుక్కలకి తగ్గకుండా చేయించు. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపు, లేకపోతే కుదించేస్తుంది. ఒక కాపీ ఇక్కడ, ఒకటి హైదరాబాద్‌లో అన్నయ్య దగ్గర ఉంచు. ఫోన్‌లో ఉన్నాయిగా అనకు. 1975లో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ చేసిన డిజిటల్ కెమెరా 3.6 కిలోల బరువు, ఒక్క ఫొటో క్యాసెట్ టేపుకి ఎక్కడానికి 23 సెకన్లు. ఆ కంపెనీయే 2012లో దివాలా పిటిషన్ వేసింది. ఆ క్యాసెట్ ఇప్పుడు నీ చేతికిస్తే ఎందులో చూస్తావు? కాగితం ఫొటో చూడాలంటే కిటికీ దగ్గరకెళ్తే చాలు.

పాత ఫొటోలకి రంగులేసే యాప్‌లు వాడకు అని నీతులు చెప్పను. మేమూ నెగటివ్ మీద పెన్సిల్ టచింగ్‌తో పెళ్లికూతుళ్ల మొటిమలు మాయం చేసినవాళ్లమే. చేస్తే కాపీ మీద చెయ్యి.

ఆదివారం నేనూ వస్తాను. లాసన్స్ బే ఒడ్డున అందరం కలిసి దిగిన ఫొటో ఒకటి ఉండాలి, తీసింది నేనే. ఎడమ చివర రెండు జడల పిల్ల ఎవరో నాకూ గుర్తు రావడం లేదు. అమ్మమ్మని ముందు అదే అడుగు.

మీ చినతాతయ్య