మరణశయ్య ఫోటోల గురించి రాసే ముందు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

పంతొమ్మిదో శతాబ్దపు మరణశయ్య ఫోటోల మీద వ్యాసం రాస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఏ ఫోటో చూసినా ముందు ఒక్కటి తేల్చుకో: ఆ గదిలోకి కెమెరాను రమ్మన్నది ఎవరు? మన స్టూడియోకూ చావు ఇళ్ల నుంచి కబుర్లు వచ్చేవి. పిలిచింది కొడుకా, అల్లుడా అన్నదాన్ని బట్టే శవం పక్కన ఎవరు కూర్చోవాలో మారిపోయేది.

ఎలాగూ ఇంగ్లండు ఫోటోగ్రాఫర్ హెన్రీ పీచ్ రాబిన్సన్ 1858 నాటి ఫోటో 'ఫేడింగ్ అవే'తోనే మొదలుపెడతావు. దిండుకు ఆనుకుని క్షయతో తీసుకుంటున్న పిల్ల, వెనక నుంచి వంగి చూస్తున్న ఆడమనిషి, కాళ్ల దగ్గర పుస్తకంతో కూర్చున్న ఇంకొకావిడ, మనకు వీపు పెట్టి కిటికీలోంచి మబ్బుల్ని చూస్తున్న మగమనిషి. గుండె కలుక్కుమంటుంది. కానీ అక్కడ ఎవరి ప్రాణమూ పోవడం లేదు. ఆ పిల్లకు పద్నాలుగేళ్లు, నిక్షేపంగా ఉంది. అయిదు నెగటివ్‌లు విడివిడిగా తీసి కలిపి ఒక్క ప్రింటు చేశాడు. అప్పట్లో ఫిల్ములా వాడిన గాజు ప్లేట్ల మీద గదిలో వెలుతురుకు సరిపడా ఎక్స్‌పోజర్ ఇస్తే ఆకాశం తెల్లగా పాలిపోయేది. కాబట్టి గదీ, బయటి మబ్బులూ రెండూ అంత శుభ్రంగా కనిపిస్తున్నాయంటేనే అనుమానించాలి. ఇంత బాధాకరమైన విషయాన్ని ఫోటో తీస్తారా అని కొందరు విమర్శకులు మండిపడ్డారు. పెయింటింగుల్లో ఇంతకంటే ఘోరాలు మెచ్చుకున్న కాలమే అది! కెమెరా చూపించిందంతా నిజమనుకోవడం వల్లే ఆ గొడవ, నన్నడిగితే.

విక్టోరియా రాణి భర్త ప్రిన్స్ ఆల్బర్ట్ మాత్రం ముచ్చటపడి ఒక ప్రింటు కొన్నాడు. 1861లో ఆయనే పోయాడు. మంచం మీద ఆయన మృతదేహాన్ని తీసిన ఫోటోను విక్టోరియా రాణి తన పడక దగ్గరే పెట్టుకుంది. ఇది ఇంటివాళ్లు దాచుకున్నది, ప్రదర్శనకు కాదు. 1885లో ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగోను ఫోటోగ్రాఫర్ నాడార్ తీసిందీ ప్రాణం పోయాకే. ఇలాంటివాటికి 'చివరి శ్వాస' అని శీర్షిక పెట్టకు.

శవాన్ని ఇనుప స్టాండుకు ఆనించి నిలబెట్టేవారని నెట్‌లో కథలు తిరుగుతుంటాయి, నమ్మకు. ఆ స్టాండు బతికున్నవాళ్ల తల కదలకుండా పట్టడానికి, శవం బరువు మోయదు. మనిషి కాళ్ల వెనక స్టాండు కనిపించిందంటే బతికున్నట్టే లెక్క.

దొంగతనంగా తీసినవీ ఉన్నాయి. 1898లో జర్మనీ మాజీ ఛాన్సలర్ బిస్మార్క్ పోయిన రాత్రి ఇద్దరు ఫోటోగ్రాఫర్లు గదిలో దూరి ఫోటో తీశారు. కుటుంబం కోర్టుకెక్కింది, వాళ్లు జైలుకెళ్లారు. మనిషికి తన బొమ్మ మీద హక్కు ఉంటుందని జర్మనీ 1907లో చేసిన చట్టానికి ఈ కేసు కూడా ఒక కారణం. దాని సంగతి వివరంగా రాయి, ఫోటో మాత్రం వేయకు. ఎవరైనా అడిగితే ఇంటివాళ్లు ఒప్పుకోలేదని చెప్పు.

వ్యాసం తరవాత చూద్దాం, ముందు ఫోటోల కింద పెట్టే వాక్యాలు పంపు.

మీ పెదనాన్న