అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదువు

చిన్నా,

ఊరి చివర పొలం చూశావని, ప్లాట్లు వేద్దామనుకుంటున్నావని, రేపోమాపో అడ్వాన్స్ కూడా ఇచ్చేస్తావని మీ నాన్న చెప్పాడు. ఫోన్లో చెబితే సగం వినవని రాసి పంపుతున్నా.

మాస్టర్ ప్లాన్ మ్యాపులో ఆ పొలం మీద ఇళ్ల రంగు ఉందని సంబరపడుతున్నావట. ఆ రంగు చూసి బోల్తాపడ్డవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఊరు ముందుముందు ఇటు పెరగొచ్చని ప్లానింగ్ వాళ్ల అంచనా అది, అంతే. ఇవాళ ఆ భూమి ఏ జోన్‌లో ఉందో, అంటే సాగుకా, ఇళ్లకా, ఫ్యాక్టరీలకా దేనికి కేటాయించారో వేరే చూడాలి. సాగుభూమిగానే ఉంటే మార్పిడికి అర్జీ పెట్టాలి, చుట్టుపక్కలవాళ్ల అభ్యంతరాలుంటే వింటారు, అదయ్యాక ప్లాట్లుగా, రోడ్లుగా విడగొట్టడానికి లేఅవుట్ అనుమతి, ఆ తర్వాత ఇంటి ప్లాన్. ఒకటి వస్తే మిగతావి వాటంతటవే వస్తాయని బ్రోకర్ అంటే నవ్వి ఊరుకో.

నేను కొన్న పొలానికి మార్పిడి వచ్చింది కూడా! ఆగిపోయింది లేఅవుట్ దగ్గర. పొలానికున్నది బండిదారి, నిబంధన ప్రకారం కావాల్సిన వెడల్పు లేదు, వెడల్పు చేయాలంటే పక్క రైతు స్థలం ఇవ్వాలి, అతనెందుకిస్తాడు? పైగా వాగు పక్కన కట్టకుండా వదలాల్సిన జాగా ఒకటుంటుందని నాకు సర్వే రోజునే తెలిసింది. రోడ్లకీ, పార్కుకీ వదిలేది తీసేశాక మిగిలింది చూస్తే కడుపు తరుక్కుపోయింది. అందుకే ముందు దారి చూడు, తర్వాత నీళ్లు, మురుగు. మురుగు పైపు దగ్గర్లో లేకపోతే సెప్టిక్ ట్యాంకే గతి, బంకమట్టి నేలైతే ఆ నీళ్లు ఇంకవు.

నా భూమి నా ఇష్టం అనే మాట పనికిరాదు. అమెరికాలో క్లీవ్‌లాండ్ పక్కన యూక్లిడ్ గ్రామంలో ఒక కంపెనీ 68 ఎకరాలు ఫ్యాక్టరీల కోసమని పట్టుకుని కూర్చుంటే, గ్రామం 1922లో జోనింగ్ పెట్టి కొంత భాగం ఇళ్లకే అంది. విలువ పడిపోయిందని కంపెనీ కోర్టుకెక్కింది. 1926లో సుప్రీంకోర్టు గ్రామం వైపే తీర్పిచ్చింది. ఇంగ్లండ్‌లోనైతే 1947 ప్లానింగ్ చట్టం వచ్చినప్పటినుంచి సొంత పొలంలో ఇళ్లు కట్టాలన్నా అనుమతి ఉండాల్సిందే, అదీ సాధారణంగా మూడేళ్లలో పని మొదలుపెట్టకపోతే చెల్లదు. నీకు వచ్చే అనుమతికీ గడువెంతో అడుగు.

అగ్రిమెంట్‌లో మాత్రం మొహమాటపడకు. అనుమతి వస్తేనే కొంటానని, ఫలానా తేదీలోపు రాకపోతే అడ్వాన్స్ వెనక్కివ్వాలని రాయించు. అమ్మేవాడు కుదరదంటే సాగుభూమి రేటు కట్టు, రేపటి ప్లాట్ల రేటు ఇవాళ ఎందుకివ్వాలి? పన్నుల సంగతి కూడా కనుక్కో, కొన్నిచోట్ల సాగు ఆపగానే రాయితీ పోవడమే కాదు, గత కొన్నేళ్ల తేడా కూడా కట్టమంటారు.

సర్వే కాపీ తీసి ఉంచు, నేనొచ్చి చూస్తా. పెద్ద వాన పడిన మర్నాడు ఫోన్ చెయ్యి, నీళ్లెక్కడ నిలుస్తాయో అప్పుడే కనపడుతుంది.

పెదనాన్న