కడుపులో బిడ్డకు గుండె లోపం: 24 వారాలు దాటితే ఏం చేయాలి?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. నాకిప్పుడు 25వ వారం. టిఫా స్కాన్‌లో (బిడ్డ అవయవాలు చూసే స్కాన్) అనుమానం వచ్చి ఫీటల్ ఎకో (కడుపులో బిడ్డ గుండె పరీక్ష) చేయిస్తే, బిడ్డ గుండె ఎడమ భాగం సరిగా ఎదగలేదన్నారు. పుట్టాక వరసగా ఆపరేషన్లు చేయాలట, అప్పటికీ బతుకుతుందని చెప్పలేమన్నారు. అత్తింటివాళ్లు తీయించేయమంటున్నారు. ఆస్పత్రిలోనేమో 24 వారాలు దాటాయి, కోర్టు ఆర్డరు తెమ్మంటున్నారు. మా ఆయన సంతకం కూడా కావాలట. నాకేమో ఏదీ తేలడం లేదు.

జవాబు: అమ్మా, ముందు కోర్టు సంగతి. మీరు మొదట వెళ్లాల్సింది కోర్టుకు కాదు, మెడికల్ బోర్డుకు. 1971 నాటి గర్భస్రావ చట్టాన్ని 2021లో సవరించారు. బిడ్డకు తీవ్రమైన లోపం ఉందని బోర్డు తేలిస్తే 24 వారాల గడువు వర్తించదు. గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు, రేడియాలజిస్టు బోర్డులో ఉంటారు. దరఖాస్తు అందిన 3 రోజుల్లో వాళ్లు అభిప్రాయం చెప్పాలి. అనుమతిస్తే, దరఖాస్తు అందిన నాటి నుంచి 5 రోజుల్లోపు ఆ ప్రక్రియ జరిగేలా చూడాలి.

ఏది తీవ్రమైన లోపం? చట్టంలో జాబితా లేదు. అందుకే బోర్డు కాదంటే రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ (హక్కు కాపాడమని నేరుగా హైకోర్టుకు చేసే దరఖాస్తు) వేయవచ్చు. 2023 జనవరిలో బొంబాయి హైకోర్టు ముందుకు అలాంటి కేసే వచ్చింది. 32 వారాలు దాటిన గర్భం, బోర్డు వద్దంది. ఎంచుకునే హక్కు ఆ తల్లిది, బోర్డుది కాదని కోర్టు అనుమతించింది. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు మరో మహిళకు 26 వారాల దగ్గర అనుమతి నిరాకరించింది. అక్కడ బిడ్డకు లోపం లేదు, తల్లి ప్రాణానికి అప్పటికప్పుడు ముప్పూ లేదు. మీ పరిస్థితి వేరు.

భర్త సంతకం అక్కర్లేదు. మీరు మేజరు కాబట్టి మీ సమ్మతి ఒక్కటే చాలు. ఆస్పత్రులు అడిగేది అలవాటు కొద్దీ తప్ప చట్టం ప్రకారం కాదు. మీకు ఇష్టం లేకుండా గర్భం తీయిస్తే అది భారతీయ న్యాయ సంహిత 89వ సెక్షన్ కింద నేరం, యావజ్జీవం దాకా శిక్ష పడవచ్చు. ఈ మాట మీ అత్తింటివాళ్లకు తెలియాలి.

ఇక మీరు తేల్చుకోలేకపోతున్న విషయం. బోర్డుకు దరఖాస్తు చేసినంత మాత్రాన మీరు దేనికీ కట్టుబడినట్టు కాదు. అనుమతి వచ్చాక కూడా వద్దనుకోవచ్చు. "ఇలాంటి బిడ్డ ఎందుకు" అనే వాదనను నేను ఒప్పుకోను, వైకల్యంతో పుట్టినవాళ్లకూ ఈ దేశంలో అందరితో సమానంగా హక్కులున్నాయి. "ఏదైనా సరే కనాల్సిందే" అని మిమ్మల్ని శాసించే హక్కూ ఎవరికీ లేదు. ఆపరేషన్ థియేటర్ల బయట నెలల తరబడి కూర్చునేది ఆ మాట అన్నవాళ్లు కాదు. పిల్లల గుండె సర్జన్‌ను విడిగా కలవండి. ఎన్ని ఆపరేషన్లు, ఎక్కడ చేస్తారు, ఖర్చెంత, చేయించుకున్న పిల్లలు ఎలా ఉన్నారు, అన్నీ అడగండి. గర్భం తీసేటప్పుడు ముందుగా బిడ్డ గుండె ఆపుతారా, ప్రాణంతో బయటికొస్తే ఏం చేస్తారు అనేది కూడా డాక్టర్లనే అడగండి. వినడానికి కష్టంగా ఉన్నా, తెలియకుండా సంతకం పెట్టకండి.

మీ పేరు, వివరాలు బయటపెట్టడం చట్టరీత్యా నేరం. కోర్టుకెళ్లినా పేరు లేకుండా నడపమని కోరవచ్చు. దరఖాస్తు మాత్రం రేపటికి వాయిదా వేయకండి. టిఫా, ఎకో రిపోర్టులు, ఆధార్, ఆస్పత్రి వాళ్లు కాదన్నట్టు రాతపూర్వకంగా ఒక కాగితం దగ్గర పెట్టుకోండి. రిట్ వేయాల్సి వస్తే ఆ కాగితమే ముందు అడుగుతారు.