చెఫ్‌గా పనిచేసినవాళ్లు స్పోర్ట్స్ డైటీషియన్ కావచ్చా?

కావచ్చు, కానీ వంటింటి అనుభవం న్యూట్రిషన్ డిగ్రీకి బదులుగా చెల్లదు. ఆ చదువు దాదాపు మొదటి నుంచీ చదవాలి.

చెఫ్‌కి పదార్థం తెలుసు. డైటీషియన్‌కి ఆ పదార్థం ఒంట్లోకి వెళ్లాక ఏమవుతుందో కూడా తెలియాలి, అందుకే బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ తప్పవు. 2021లో వచ్చిన కేంద్ర చట్టం డైటీషియన్లను ఆరోగ్య వృత్తుల్లోనే చేర్చింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో స్పోర్ట్స్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ ఉంది. అయితే దానికి తగిన సైన్స్ డిగ్రీ ముందే చేతిలో ఉండాలి. ఇంటర్‌లో సైన్స్ చదవనివాళ్లకు ఈ దారి ఇంకాస్త పొడుగు.

ఉదాహరణకు, రోజుకు రెండు గంటలు గట్టిగా సాధన చేసే 60 కిలోల రన్నర్‌ని తీసుకోండి. కిలో బరువుకు 6 గ్రాముల లెక్కన చూసినా రోజుకు 360 గ్రాముల పిండిపదార్థాలు కావాలి. అదంతా బియ్యం నుంచే రావాలంటే సుమారు 450 గ్రాముల బియ్యం వండాలి! లెక్క కట్టేది చదువు. దాన్ని కడుపు బరువెక్కకుండా ఇడ్లీ, ఉప్మా, అరటిపండు, పెరుగన్నంగా రోజంతా పంచిపెట్టడంలో మాత్రం చెఫ్‌దే పైచేయి.

చాలామంది పొరబడేది ఒక్కచోటే: మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఉంటే డైటీషియన్ అయిపోయినట్టేనని. రిజిస్టర్డ్ డైటీషియన్ కావాలంటే గుర్తింపు ఉన్న పీజీ చదువు, ఇంటర్న్‌షిప్, ఆపై ఇండియన్ డయెటెటిక్ అసోసియేషన్ పరీక్ష ఉండాలి.