మోకాలి ఆపరేషన్‌కు ముందు రక్తం ఎక్కించరా?

ప్రశ్న: మాది గాజువాక. అమ్మకు 62 ఏళ్లు, మోకాలి మార్పిడి చేయాలన్నారు. హిమోగ్లోబిన్ 9.8 ఉంది. ఇరవై ఏళ్ల కిందట నాన్నగారి తుంటి ఆపరేషన్‌కు మూడు యూనిట్ల రక్తం సిద్ధం చేసుకోమన్నారు. ఇప్పుడేమో ఐరన్ ఇంజెక్షన్లు చేయించుకుని నాలుగు వారాలాగి రమ్మంటున్నారు. రక్తం నిల్వలు లేకనా?

జవాబు: నిల్వల కొరత వల్ల కాదండీ, మీ డాక్టరు గారు చెప్పింది సరైన పద్ధతే. హిమోగ్లోబిన్ 10 కంటే తగ్గితే ఆపరేషన్‌కు ముందు రక్తం ఎక్కించాలన్న లెక్క 1942లో అమెరికా వైద్యులు ఇద్దరు సూచించినది. పెద్దగా పరీక్షకు నిలవకుండానే అది దశాబ్దాల పాటు నియమంలా చెలామణి అయింది. గుండె ఆపరేషన్లు, క్యాన్సర్ చికిత్సలు పెరిగేకొద్దీ రక్తం వాడకమూ పెరిగింది. 1980లలో ఎయిడ్స్ భయం మొదలయ్యాకే ప్రతి యూనిట్ నిజంగా అవసరమా అని వైద్యులు గట్టిగా ప్రశ్నించుకున్నారు. 1999లో కెనడాలో ఐసీయూ రోగులపైన, 2011లో తుంటి ఆపరేషన్ జరిగిన, గుండె జబ్బో దాని ముప్పో ఉన్న పెద్దవారిపైన వెలువడిన అధ్యయనాల్లో, హిమోగ్లోబిన్ 7 లేదా 8కి తగ్గేవరకు రక్తం ఎక్కించకుండా ఆగినవారికి అదనపు హాని కనిపించలేదు. ఆ తర్వాత బ్రిటన్, అమెరికాల్లో రక్తం (అందులోని ఎర్రకణాలు) ఎక్కించడం బాగా తగ్గింది. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సమిక్ యాసిడ్ కూడా ఇందుకు తోడ్పడింది.

అంటే మన ప్రాంతంలో రక్తం అవసరం తగ్గిపోయిందని కాదు. కాన్పు సమయంలో తీవ్ర రక్తస్రావమైనవారికి, తలసేమియా పిల్లలకు, ఏజెన్సీ నుంచి వచ్చే సికిల్ సెల్ రోగులకు, రోడ్డు ప్రమాద బాధితులకు అది ప్రాణాధారమే.

మీ అమ్మగారి విషయంలో నేను ఇంకొకటి అడుగుతాను: ఆమెకు రక్తం ఎందుకు తగ్గింది? నెలసరి ఆగిపోయిన వయసులో ఐరన్ లోపం ఉంటే కడుపులో ఎక్కడైనా రక్తం పోతోందేమో చూడాలి. మోకాలి నొప్పికి ఏళ్ల తరబడి వాడే బిళ్లల వల్ల కడుపులో పుండ్లు పడి, తెలియకుండానే రక్తం పోతున్నవారు చాలామంది ఉంటారు. ఒక యూనిట్ ఎక్కిస్తే హిమోగ్లోబిన్ సుమారు 1 గ్రాము పెరుగుతుందే తప్ప ఆ పుండు మానదు. అందుచేత ఒంట్లో ఐరన్ నిల్వలు ఎంతున్నాయో తెలిపే ఫెరిటిన్ పరీక్ష చేయించండి, ఆమె వాడుతున్న మందులన్నీ చీటీతో సహా డాక్టరుకు చూపించండి, మలం నల్లగా వస్తోందేమో అడిగి తెలుసుకోండి; అవసరమైతే ఎండోస్కోపీ చేస్తారు. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే అది కూడా ముందే చెప్పాలి. ఆపరేషన్ నాటికి బ్లడ్ గ్రూప్, ఎక్కించే రక్తం పడుతుందో లేదో చూసే యాంటీబాడీ పరీక్షలు చేసి ఉంచుతారు కాబట్టి, అవసరం పడితే రక్తం అందుతుంది. అప్పుడు కూడా ఒక యూనిట్ ఎక్కించి, మళ్లీ పరీక్షించాకే రెండోది ఎక్కించాలా అన్నది నిర్ణయిస్తారు.