పాఠకుల ప్రశ్నలు: మిత్రుని పద్దుల పుస్తకం

ప్రశ్న: హైస్కూలు నాటి నుంచి ‘ఏరా’ అని పిలుచుకునే చనువున్న నా మిత్రుడు కిందటి ఏడాది గుండెపోటుతో మరణించాడు. ఎరువుల దుకాణంలో గుమస్తాగా పనిచేస్తూనే, చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరికి రక్తం కావలసి వచ్చినా దాతను వెతికి, తన మోటారు సైకిలు మీద ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకువెళ్ళేవాడు. దాతల పేర్లు, గ్రూపులు, చివరిసారి రక్తమిచ్చిన తేదీలు ఒక పొడుగాటి పద్దుల పుస్తకంలో రాసుకునేవాడు. సంవత్సరీకం దగ్గరపడుతున్నది. మిత్రులు కొందరు సెంటరులో విగ్రహం పెట్టాలని చందాలు పోగుచేశారు. వర్ధంతి నాడు ఏటా ఒక పెద్ద రక్తదాన శిబిరం పెడితే చాలునని నేనంటున్నాను. మా మధ్య మాటలు పెరిగాయి. ఏది సబబు?
– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ముందు విగ్రహం సంగతి. రోడ్ల మీద, కాలిబాటల మీద, ప్రజలు వాడుకునే ఇతర స్థలాలలో విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించింది. ఆ ఆదేశాన్ని పట్టించుకోనట్లు ఎన్ని కూడళ్ళలో ఎన్ని విగ్రహాలు లేచాయో మనకందరికీ తెలిసినదే అయినా, అనుమతి లేకుండా నిలబెట్టిన విగ్రహాన్ని రేపు ఎవరైనా వచ్చి గోనెపట్టా చుట్టి తీసుకుపోతే, ఆ చిన్నతనం చందాలు వేసుకున్న మీకు కాదు, ఏ పాపమూ ఎరుగని ఆ పెద్దమనిషికి. అంతగా రూపం కళ్ళెదుట ఉండాలనుకుంటే ఆయన పనిచేసిన దుకాణంలోనో, మీ ఊరి గ్రంథాలయంలోనో, యజమానుల అనుమతితో ఒక పటం పెట్టండి.

ఇక మీ శిబిరం. ఆలోచన మంచిదే గాని, మీరు అనుకున్నంత మంచిది కాదని చెప్పక తప్పదు. సేకరించిన రక్తం నుంచి వేరుచేసిన ఎర్రకణాలు, కలిపే ద్రావణాన్ని బట్టి, 35 నుంచి 42 రోజులు మాత్రమే నిలువ ఉంటాయి. ప్లేట్‌లెట్ల ఆయుష్షు ఐదు రోజులే. ఒకసారి రక్తమిచ్చిన పురుషుడు మూడు నెలల దాకా, స్త్రీ నాలుగు నెలల దాకా మళ్ళీ ఇవ్వకూడదు. అంటే వర్ధంతి నాడు ఊళ్ళోని రెండు వందల మంది దాతలనూ ఒక్కచోటనే పడుకోబెట్టి రక్తం తీయిస్తే, ఆ తరువాత మూడు నెలలలో ఏ అర్ధరాత్రో కాన్పు కష్టమై ఒక తల్లికి రక్తం కావలసి వచ్చినప్పుడు, పిలిస్తే పలికేవారిలో ఇవ్వడానికి వీలున్నవారు మిగలరు. కాలేజీలకు సెలవులిచ్చే ఎండాకాలంలో ఈ కొరత ఇంకా ఎక్కువ. తలసీమియా ఉన్న పిల్లలకు రెండు వారాల నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించవలసిందే. వారి అవసరం మన వర్ధంతుల కోసం ఆగదు.

మీ మిత్రుడు పుస్తకంలో చివరిసారి ఇచ్చిన తేదీని ఎందుకు రాసుకున్నారో ఇప్పుడు గమనించండి. డబ్బు తీసుకుని రక్తమిచ్చే పద్ధతిని సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం 1998 జనవరి 1 నుంచి నిషేధించారు. అది జరగవలసిన పనే. అయితే రక్తనిధిలో నిలువ లేనప్పుడు దాతను వెతికి తెచ్చుకునే భారం రోగి బంధువుల నెత్తిన పడింది. ఊరుగాని ఊరు వచ్చి, ఆసుపత్రి వరండాలో చేతిలో చీటీ పట్టుకుని నిలబడ్డ మనిషికి ఎవరిని అడగాలో తెలియదు. ఎవరికి ఏ గ్రూపో, ఎవరికి గడువు దాటిందో, ఎవరు సూది అంటే భయపడి మాట ఇచ్చి తప్పుకుంటారో, ఇదంతా తెలిసిన ఒక్క మనిషి ఆ గుమస్తా. నా దృష్టిలో ఆ పుస్తకాన్ని నడపడమే మీరు చేయవలసిన పని.

కాబట్టి చందాల డబ్బు పంచాయితీని కాస్త పక్కన పెట్టి, ఆ పుస్తకం ఎక్కడుందో చూడండి. అందులోని ప్రతి ఒక్కరికీ స్వయంగా ఫోను చేయండి. వయసు 65 దాటినవారు, మధుమేహానికి ఇన్సులిన్ తీసుకుంటున్నవారు, ఊరు వదిలి వెళ్ళినవారు ఉంటారు. వారి పేర్లు తీసివేయండి. మిగిలినవారిని కూడా, వారిని అడగకుండా వాట్సాప్ గుంపులో చేర్చవద్దు; మీ మిత్రుని మీద నమ్మకంతో ఇచ్చిన నంబర్లవి. శిబిరం పెట్టదలచుకుంటే లైసెన్సు ఉన్న రక్తనిధి వారిని ముందే కలిసి, ఏడాదికి నాలుగు చిన్న శిబిరాలుగా విడగొట్టండి, అందులో ఒకటి తప్పక మే నెలలో ఉండాలి. సంఘంగా రిజిస్టరు చేయించదలిస్తే ఏడుగురు సభ్యులు చాలు.

మీ ఉత్తరంలో ఒక వెలితి కనిపించింది. విగ్రహం కావాలన్నవారి మాట ఉంది, వద్దన్న మీ మాట ఉంది, ఆయన ఇంటివారి మాట మాత్రం ఎక్కడా లేదు. అర్ధరాత్రి ఫోను మోగితే లేచి దీపం వేసినవారు, ఆయన వెళ్ళాక గడియ వేసుకుని తెల్లవారేదాకా ఎదురుచూసినవారు వాళ్ళు. గుమస్తా జీతంలోంచి పెట్రోలుకు ఎంత పోయిందో కూడా వారికే తెలుసు. ఆ పుస్తకం కూడా బహుశా వారి దగ్గరే ఉండి ఉంటుంది. అడగడానికి వెళ్ళినప్పుడు, పిల్లల చదువు సంగతి కూడా కనుక్కుని రండి. చందాల డబ్బుకు అంతకన్నా మంచి దారి అక్కడే కనిపించవచ్చు.

కొమర్రాజు లక్ష్మణరావు 1923లో మరణించేనాటికి ఆయన తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాల దగ్గర ఆగిపోయి ఉంది. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు ఆ పనిని తలకెత్తుకుని, పాత సంపుటాలను సంస్కరించి మళ్ళీ అచ్చు వేయించారు. ఎరువుల దుకాణం గుమస్తా పద్దుల పుస్తకానికి ఇంత పెద్ద పోలికా అని మీ మిత్రులు నవ్వితే నవ్వనివ్వండి.

ప్రశ్న: వీధిబడి మానేసిన పిల్లలకు సాయంత్రాలు చదువు చెప్పిన నా స్నేహితురాలి సంస్మరణ సభలో మాట్లాడమన్నారు. ఎప్పుడూ సభలలో మాట్లాడలేదు. ఏం చెప్పాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ‘తీరని లోటు’, ‘మూర్తీభవించిన సేవ’ వంటి మాటలు మీకన్నా ముందు మాట్లాడేవారు ఎలాగూ వాడేస్తారు. మీరు ఒకే ఒక సాయంత్రాన్ని చెప్పండి. ఆమె ఎన్ని గంటలకు వచ్చేది, చాప ఎవరు పరిచేవారు, అల్లరి పిల్లవాడిని ఏమని కోప్పడేది, వానకు కరెంటు పోతే ఏం చేసేది. ఆమె విసుక్కున్న రోజు ఒకటి ఉంటే దానినీ దాచవద్దు. ఐదు నిమిషాలు చాలు. కాగితం మీద రాసుకుని చదవడంలో నామోషీ ఏమీ లేదు. గొంతు పూడుకుపోతే ఆ కాగితాన్ని ఆమె దగ్గర చదువుకున్న పిల్లల్లో ఎవరికైనా అందించండి, వాళ్ళు చదువుతారు.