మిద్దె మీది చేపల తొట్టిలో నత్తలు

చి.సౌ. పాపకు పెద్దమ్మ ఆశీస్సులు.

చేపల తొట్టి నీళ్లనే పంపుతో కంకరలోని మొక్కలకు తిప్పే నీ ఆక్వాపోనిక్స్ ఫోటోలు చూశాను. నత్తలు బాగానే పెరిగాయి గానీ, నువ్వు పడుతున్నంత టెన్షన్ అక్కర్లేదు. పురుగుమందుల షాపాయన చెప్పాడని మైలుతుత్తం, అదే కాపర్ సల్ఫేట్, తెచ్చి పెట్టుకున్నావట. ఆ పొట్లం విప్పొద్దు. అది నత్తలను చంపుతుంది, నిజమే. కానీ చేపలకూ విషమే. చేపలు వదిలే అమ్మోనియాను మొక్కలకు పనికొచ్చే నైట్రేటుగా మార్చే బాక్టీరియాకూ చేటే. పైగా మీ బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. అలాంటి నీళ్లలో మైలుతుత్తంలోని రాగి చాలావరకు అడుగుకు దిగి కంకరలో ఉండిపోతుంది. తర్వాతెప్పుడో నీళ్ల పీహెచ్ పడిపోతే, అంటే నీళ్లు పులుపెక్కితే, మళ్లీ కరుగుతుంది. ఒకసారి వేసుకున్నాక వదిలించుకోవడం నీ వల్ల కాదు.

ఇప్పపిండి (ఇప్పగింజల నూనె తీశాక మిగిలే పిండి) వేయమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. చెరువుల్లో అక్కర్లేని చేపలను చంపడానికి వాడేదే అది. పొగాకు కషాయమూ అంతే. ఇక ఉప్పంటావా, నత్త చచ్చేంత ఉప్పు వేస్తే నీ పాలకూర, పుదీనా దానికంటే ముందే మాడిపోతాయి. అసలు ఏ మందుతోనైనా నత్తలన్నీ ఒక్కసారే చచ్చాయనుకో, కంకర సందుల్లో కుళ్లి అమ్మోనియా పెరిగిపోతుంది. వాటి వెనకే చేపలూ పోతాయి.

ఫోటోలో రెండు రకాలు కనబడ్డాయి. ఒకటి చక్రంలా చుట్టుకుని చదునుగా ఉండేది. దాంట్లో ఆడ, మగ వేరుగా ఉండవు, ఒంటరిగా ఉన్నా గుడ్లు పెట్టగలదు. తొట్టి గోడ మీద, ఆకుల అడుగున తెల్లటి జిగురు బిళ్లలా కనిపిస్తాయి ఆ గుడ్లు. వేలు పెడితే జారుతుంది. గోకి తీసేయి, బిళ్ల ఒక్కటి పోతే అందులోని పిల్లలన్నీ పోయినట్టే. రెండోది పొడుగ్గా, కొన తేలి ఉండేది. అది గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. పగలంతా కంకరలో దాక్కుని రాత్రి బయటికొస్తుంది. నువ్వు పగటి పూట చూసి లెక్కేసుకుంటే మోసపోతావు, టార్చి పట్టుకుని రాత్రి ఒకసారి చూడు.

ఇంతకీ అవి ఏం తిని ఇన్నయ్యాయి? మిగిలిన మేత, నాచు, కుళ్లిన ఆకులు. పూటకు గుప్పెడు మేత వేస్తున్నానని రాశావు. గుప్పెడు కొలత కాదు పాపా. కొంచెం వేసి నిలబడు, ఐదు నిమిషాల్లో చేపలు తినేసినంత వరకే. నలభై డిగ్రీలు దాటిన రోజున నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపలు సరిగ్గా తినవు. ఆ రోజు ఇంకా తగ్గించు. అవసరమైతే ఒక పూట మానేయి, చేపలేం చచ్చిపోవు. తొట్టి మీద ఎండ నేరుగా పడితే నాచు పడుతుంది, కాబట్టి షేడ్ నెట్ కట్టు. గ్రో బెడ్‌లో, అంటే మొక్కలున్న కంకర తొట్టిలో, నిలువు పైపు కొంచెం కోసి, నీళ్లు కంకర పైపొరకు అంగుళం కిందే ఆగేలా చూడు. పైన పొడిగా ఉంటే నాచూ ఉండదు, నత్తా అక్కడ మేయదు.

కంకర ఎక్కడిదో రాయలేదు. ఫోటోలో బేతంచెర్ల బండల ముక్కల్లా ఉంది. ఒక రాయిని గోకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండు. బుడగలొస్తే సున్నపురాయే. అది నీళ్లలో కరుగుతూ నత్తలకు గుల్ల కట్టుకునే సున్నం ఇస్తుంది, పీహెచ్‌ను పైనే నిలబెడుతుంది. అందుకే నీ పుదీనా ఆకుల ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్యలో పసుపెక్కుతున్నాయి. పీహెచ్ పైన ఉంటే మొక్కకు ఇనుము సరిగ్గా అందదు. రాయి మార్చినంత మాత్రాన నత్తలు పూర్తిగా పోవు, మీ బోరు నీళ్లలోనే సున్నం ఉంది. ఆకు మాత్రం కొంత బాగుపడొచ్చు.

ఇప్పుడు పట్టే పని. క్యాబేజీ ఆకు కాస్త ఉడికించి, లేదంటే దోసకాయ ముక్క, బొక్కలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో వేసి పొద్దుగూకాక తొట్టి అడుగున పెట్టు. బొక్కలు నత్త దూరేంత, చేప మూతి పట్టనంత ఉండాలి. తెల్లవారకముందే తీయాలి, వెలుగొచ్చిందంటే సగం జారుకుంటాయి. రోజూ చేయాలి, అదే దీంట్లో విసుగు. మా ఇంట్లో ఆ డ్యూటీ మీ పెదనాయనది. తీసినవాటిని నాటుకోళ్లకు వేస్తాడు, అవి ఆయన చెప్పుల చప్పుడుకే పరిగెత్తుకొస్తాయి. నీకు కోళ్లు లేవు కదా, వేడినీళ్లలో వేసి ఎరువు కుప్పలో కలుపు. బతికున్నవాటిని మాత్రం కేసీ కాలువలో పారేయకు.

గ్రో బెడ్ నిండగానే నీళ్లను కిందికి లాగేసే బెల్ సైఫన్ ఆగకుండా కారుతూనే ఉందంటే లోపల గుల్ల ఇరుక్కుని ఉండొచ్చు. గొట్టం తీసి ఊపు, గుల్ల ఉంటే గలగలమంటుంది. పంపు మూతికి దోమతెర రెండు పొరలు కట్టు.

ఇవన్నీ చేసినా గ్రో బెడ్‌లో నిండా ఉంటే కంకరను ఎండబెట్టు. మొత్తం ఒకేసారి కాదు, సగమే. టార్పాలిన్ మీద పలచగా పరచి మే నెల ఎండలో నాలుగు రోజులు వదిలితే చాలు. మిగతా సగంలో బాక్టీరియా ఉంటుంది, చేపలకు ఇబ్బంది ఉండదు. రెండో సగం నెల తర్వాత చూద్దువు.

అమెరికా అధీనంలోని వర్జిన్ ఐలాండ్స్ యూనివర్సిటీ వాళ్ల ఆక్వాపోనిక్స్‌లో నత్తలు బాక్టీరియాను మేసేస్తుంటే, వాటిని తినే ఒక రకం చేపను మొక్కల తొట్లలో వదిలారు. ఆ చేప మనకు దొరకదు. మన బంగారు తీగ చాలు. దానికి గొంతులో గట్టి పళ్లుంటాయి, చిన్న గుల్లలను నలిపి తినేస్తుంది. అయితే చేపల తొట్టిలోనే వదులు. వేర్లు నీళ్లలో వేలాడే చోట వదిలితే వాటినీ పీకుతుంది.

కొత్త మొక్క ఏది తెచ్చినా రెండు వారాలు వేరే బకెట్లో ఉంచి, ఆకుల అడుగు చూసి పెట్టు. విత్తనం వేసి నువ్వే పెంచుకుంటే ఆ బాధే లేదు. చేపపిల్లలను తెచ్చినప్పుడు కవరును తొట్టిలో తేలనిచ్చి, చేపలను వలతో తీసి వదులు. కవర్లో నీళ్లు తొట్టిలో పోయొద్దు, కింద మొక్కలకు పోసేయి.

మీ అమ్మను అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
పెద్దమ్మ, అనంతపురం